ముందు పని, తర్వాత మనసు

గోవా పేరు చెబితే మనకు సముద్రమూ సెలవులూ గుర్తొస్తాయి. డిప్రెషన్ వైద్యంలో ఇవాళ చాలా దేశాలు చెప్పుకునే ఒక పరిశోధన మాత్రం అక్కడి బీచ్‌లకు దూరంగా, ఓపీ చీటీలు పట్టుకుని జనం బల్లల మీద కూర్చునే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగింది. 10 పీహెచ్‌సీలకు రకరకాల బాధలతో వచ్చినవాళ్లను తొమ్మిది ప్రశ్నలు అడిగి, డిప్రెషన్ ఓ మోస్తరు దాటి ముదిరిన 495 మందిని ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో వాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పీహెచ్‌సీ డాక్టరు చేసే మామూలు వైద్యమే. కాకపోతే ఫలానా రోగికి డిప్రెషన్ ఉందని డాక్టరుకు ముందే చెప్పి, ఏం చేయాలో మార్గదర్శకాలు చేతికిచ్చారు. రెండో జట్టుకు ఆ వైద్యంతో పాటు ఆరు నుంచి ఎనిమిది సార్లు కౌన్సెలింగ్, ఒక్కోసారి అరగంట, నలభై నిమిషాలు. మూడు నెలల తర్వాత లెక్క చూస్తే మొదటి జట్టులో 39 శాతం మంది కోలుకున్నారు, కౌన్సెలింగ్ జట్టులో 64 శాతం మంది. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఏడాది తర్వాత చూసినా కౌన్సెలింగ్ జట్టే మెరుగ్గా ఉంది.

శాతాల కంటే ఆశ్చర్యపరిచేది, ఆ కౌన్సెలింగ్ చేసినవాళ్లెవరన్నది. సైకియాట్రిస్టులు కారు, సైకాలజిస్టులూ కారు. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, మానసిక వైద్యంలో అంతకుముందు ఓనమాలు తెలియనివాళ్లు. మూడు వారాలు తరగతిలో కూర్చున్నారు, తర్వాత కొన్ని నెలల పాటు పెద్దవాళ్ల పర్యవేక్షణలో పనిచేస్తూ నేర్చుకున్నారు. విక్రమ్ పటేల్ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు 1996లో గోవాలో మొదలుపెట్టిన సంగాత్ సంస్థ ఈ పని చేయించింది.

ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడితే తీవ్రమైన జబ్బు తగ్గుతుందా? ఆ మాటల్లో ఏముంది? మన దగ్గర చాలామంది అనుకునేది ఒకటుంది: కౌన్సెలింగ్ అంటే ఎవరో చదువుకున్నవాళ్లు ‘నాలుగు మంచి మాటలు’ చెప్పడం. ఆ మాటలు చెప్పడానికి ఇంట్లో అత్తగారున్నారు, బావగారున్నారు, యూట్యూబ్‌లో అయితే చెప్పేవాళ్లకు కొదవే లేదు. అయినా జబ్బు తగ్గడం లేదంటే, గోవాలో జరిగింది మరేదో అయి ఉండాలి.

అదేమిటో తెలియాలంటే ముందు జబ్బు సంగతి చూడాలి.

దుఃఖం అందరికీ వస్తుంది. ఆప్తులు పోతే, పంట పోతే, ఉద్యోగం పోతే ఏడవడం జబ్బు కాదు. ఏడ్చినవాడు మధ్యలో ఒకసారి మనవడి మాటకు నవ్వుతాడు, ఆకలేస్తే తింటాడు. డిప్రెషన్‌లో ఆ మధ్య మధ్య తెరిపి ఉండదు. వైద్యులు చూసేది ఇవి: రోజులో ఎక్కువ సేపు దిగులు, దేనిమీదా ఆసక్తి గానీ ఆనందం గానీ లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా అతినిద్ర, ఆకలి, బరువు మారిపోవడం, నీరసం, మాటా నడకా మందగించడం లేదా నిలవలేని అలజడి, నేను దేనికీ పనికిరాను, తప్పంతా నాదే అనిపించడం, దేనిమీదా దృష్టి నిలవకపోవడం, చావు గురించిన ఆలోచనలు. ఈ తొమ్మిదింటిలో కనీసం అయిదు, అందులో మొదటి రెండింటిలో ఒకటి తప్పనిసరిగా, రెండు వారాల పాటు దాదాపు రోజూ ఉండి, రోజువారీ బతుకును కుంటుపరిస్తే అది డిప్రెషన్. గోవాలో వాడిన తొమ్మిది ప్రశ్నల పట్టిక కూడా ఇదే. పీహెచ్‌క్యూ-9 అంటారు. 2001లో వచ్చింది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది దాటితే డాక్టరును కలవాల్సిందే, ఇరవై దాటితే చాలా తీవ్రమైనట్టు.

కానీ మన ఊళ్లలో ఎవరూ ‘నాకు ఆనందం లేదు డాక్టరుగారూ’ అంటూ ఆస్పత్రికి రారు. తల బరువుగా ఉందంటారు, ఒళ్లంతా లాగేస్తోందంటారు, గుండె దడ, గ్యాస్, నరాల బలహీనత అంటారు. ఊరి ఆర్ఎంపీ బలానికని ఓ సెలైన్ బాటిల్ ఎక్కిస్తాడు, బీ కాంప్లెక్స్ సూది వేస్తాడు. రెండ్రోజులు పర్వాలేదనిపిస్తుంది, మళ్లీ మామూలే. తర్వాత పట్నంలో గుండె డాక్టరు, కడుపు డాక్టరు, స్కానింగ్ సెంటరు. రిపోర్టులన్నీ నార్మల్. ‘నీకేమీ లేదు పో’ అన్న మాటతో తిరిగొచ్చిన మనిషికి జబ్బు తగ్గదు సరికదా, ఇంట్లో పరువు కూడా పోతుంది. మగవాళ్లలో అయితే దిగులు కంటే చిరాకు, కోపం, తాగుడే పైకి కనిపిస్తాయి. పిల్లల్లో మార్కులు పడిపోతాయి, అన్నానికి పిలిస్తే తలుపు తీయరు.

రక్తపరీక్షతో డిప్రెషన్ తేలదు, స్కాన్‌లో కనిపించదు. అయినా మంచి డాక్టరు కొన్ని రక్తపరీక్షలు రాస్తారు. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా, రక్తహీనత ఉన్నా అచ్చం ఇలాగే నీరసం, నిరుత్సాహం ఉండొచ్చు. వాటిని ముందు తేల్చుకోవాలి. మెదడులో సెరటోనిన్ కొలుస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకోండి.

సెరటోనిన్ కథ ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. 1952లో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచితే, మంచం పట్టినవాళ్లు హుషారెక్కిపోయారు. కొన్నేళ్లకు స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే డాక్టరు ఇమిప్రమీన్ అనే మరో మందు దిగులును తగ్గిస్తుందని గమనించాడు. రెండూ అనుకోకుండా దొరికినవే. ఇవి ఎలా పనిచేస్తున్నాయని వెతుకుతూ వెళ్లిన శాస్త్రవేత్తలు, నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ వంటి రసాయనాలను ఇవి పెంచుతున్నాయని కనిపెట్టారు. పెంచితే తగ్గుతోంది కాబట్టి, లోపించడం వల్లే జబ్బు వచ్చిందన్న నిర్ణయానికి వచ్చేశారు. జ్వరం బిళ్లతో తలనొప్పి తగ్గిందని, ఒంట్లో ఆ బిళ్ల లోపించడం వల్లే తలనొప్పి వచ్చిందంటామా? పైగా ఈ మందులు వేసుకున్న కొన్ని గంటల్లోనే సెరటోనిన్‌పై పని మొదలుపెడతాయి, మనిషి తేరుకోవడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మందులు పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. ఎందుకు పనిచేస్తాయన్న వివరణే మనం అనుకున్నంత తేలిక కాదు.

వంశపారంపర్యం కొంత ఉంది. కవలల మీద జరిపిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, డిప్రెషన్ వచ్చే అవకాశంలో మనుషుల మధ్య తేడాలకు జన్యువుల వాటా సుమారు 37 శాతమని తేలింది. మిగతాదంతా బతుకే. ఆ బతుకును దగ్గరగా చూసినవారు జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్. లండన్‌లోని క్యాంబర్‌వెల్ అనే పేటలో వందలాది మంది ఆడవాళ్లను ఓపిగ్గా పలకరించి 1978లో ఒక పుస్తకం వేశారు. పెద్ద కష్టం ఏదో ఒకటి తగిలాకే చాలామందిలో జబ్బు మొదలైందని అందులో తేలింది. కానీ అదే కష్టం తగిలినా కొందరు నిలబడ్డారు, కొందరు కూలిపోయారు. కూలినవాళ్లలో నాలుగు సంగతులు ఎక్కువగా కనిపించాయి: 14 ఏళ్లలోపు పిల్లలు ముగ్గురో అంతకుమించో ఇంట్లో ఉండటం, బయట ఉద్యోగం లేకపోవడం, 11 ఏళ్లు నిండకముందే తల్లిని పోగొట్టుకోవడం, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం. లండన్ లెక్కలే అయినా చదువుతుంటే మన వీధిలో ఎవరో ఒకరు కళ్లముందు కదులుతారు. ప్రపంచంలో చాలాచోట్ల ఆడవాళ్లలో డిప్రెషన్ మగవాళ్ల కంటే ఇంచుమించు రెట్టింపు ఉండటానికి హార్మోన్లతో పాటు ఈ జీవితాలకూ వాటా ఉంది.

కష్టం తగిలాక మనసు చేసే పని మరొకటి ఉంది. 1989 అక్టోబరు 17న కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సూజన్ నోలెన్-హోక్సిమా అనే మనోవిజ్ఞాని తన పరిశోధన కోసం విద్యార్థులను కొన్ని ప్రశ్నలు అడిగి ఉంచింది. మనసు బాగోలేనప్పుడు మీరేం చేస్తారు అన్నది వాటిలో ఒకటి. భూకంపం తర్వాత అదే విద్యార్థులను మళ్లీ పలకరించింది. ‘నాకే ఎందుకిలా, నాలో ఏం లోపముంది’ అని పాత బాధనే నెమరేసుకునే అలవాటున్నవాళ్లు, పది రోజుల తర్వాతా, ఏడు వారాల తర్వాతా కూడా మిగతావాళ్ల కంటే ఎక్కువ కుంగి ఉన్నారు. భూకంపానికి ముందు వాళ్ల మనఃస్థితి ఎలా ఉండేదో లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. ఆలోచిస్తే పరిష్కారం దొరుకుతుందని మనకో నమ్మకం. డిప్రెషన్‌లో ఉన్న మనిషి గంటల తరబడి చేసేది ఆలోచనలాగే ఉంటుంది గానీ అది ఎక్కడికీ చేరదు. ప్రశ్న మారదు, జవాబు రాదు.

ఆ నెమరు ఆగేదెలా? ఇక్కడ ఇద్దరు అమెరికన్ల గురించి చెప్పాలి. మొదటివాడు ఆరన్ బెక్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం సైకియాట్రిస్టు. ఫ్రాయిడ్ సంప్రదాయంలో చదువుకున్నవాడు. డిప్రెషన్ అంటే లోపలికి తిరిగిన కోపమని ఆ సంప్రదాయం నమ్మేది. దాన్ని నిరూపిద్దామని రోగుల కలలను పరిశీలిస్తే కోపం కనిపించలేదు; ఓటమి, పోగొట్టుకోవడం, తిరస్కారం కనిపించాయి. మెలకువలోనూ రోగుల మనసులో గబగబా కొన్ని మాటలు మెదులుతుంటాయని, అవన్నీ ‘నేను పనికిరాను, లోకం నన్ను లెక్కచేయదు, ఇక ముందూ ఇంతే’ అన్న మూడింటి చుట్టూ తిరుగుతాయని బెక్ గుర్తించాడు. ఆ మాటలను పట్టుకుని, నిజమా కాదా అని రోగి చేతే పరీక్షింపజేసే పద్ధతిని 1960లలో తయారుచేశాడు. అదే కాగ్నిటివ్ థెరపీ. 1961లో ఆయన రూపొందించిన 21 ప్రశ్నల డిప్రెషన్ కొలమానం తర్వాత సవరణలు పొంది గోవా పరిశోధనలో కూడా వాడుకకు వచ్చింది. బెక్ నూరేళ్లు బతికి 2021లో కన్నుమూశాడు.

రెండోవాడు నీల్ జేకబ్‌సన్, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. ఈయనకు ఒక అనుమానం వచ్చింది. బెక్ పద్ధతిలో రెండు పనులున్నాయి. ఒకటి ఆలోచనలను సరిదిద్దడం. రెండోది, అంతకంటే ముందు, మంచం దిగని రోగిని చిన్న చిన్న పనుల్లోకి దింపడం. గుణం దేనివల్ల వస్తోంది? 1996లో దాన్ని విడదీసి చూశాడు. కొందరికి కేవలం పనుల్లోకి దింపే భాగం, కొందరికి దానికి ఇంకొంత జోడించి, మరికొందరికి మొత్తం కాగ్నిటివ్ థెరపీ. ఫలితం చూస్తే మూడు జట్లూ ఒకేలా కోలుకున్నాయి. రెండేళ్లు గడిచినా అంతే. అంటే తత్వచర్చలాంటి ఆ కష్టమైన భాగం లేకుండానే, చిన్న పనుల భాగమే చాలావరకు బండి లాగేస్తోంది. దీనికి బిహేవియరల్ యాక్టివేషన్ అని పేరు. నా దృష్టిలో గత యాభై ఏళ్ల మానసిక వైద్యంలో పేదదేశాలకు ఇంతకంటే పనికొచ్చిన ఫలితం లేదు. ఎందుకంటే ఆలోచనలను విశ్లేషించడం నేర్పాలంటే ఏళ్లు పడుతుంది. పనులు ఏర్పాటు చేయించడం వారాల్లో నేర్పొచ్చు. గోవా కౌన్సెలర్లు నేర్చుకున్నది దీన్నే.

దీని వెనక సూత్రం 1970లలోనే ఆరెగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ లెవిన్‌సన్ చెప్పాడు. మనసు బాగోలేక మనిషి నలుగురిలోకి వెళ్లడం మానేస్తాడు, పని తగ్గిస్తాడు. వెళ్లకపోవడం వల్ల పలకరింపు ఉండదు, పని చేయకపోవడం వల్ల ‘చేశాను’ అన్న తృప్తి ఉండదు. వాటితో వచ్చే చిన్న చిన్న సంతోషాలు ఆగిపోయాక మనసు ఇంకాస్త కుంగుతుంది, మనిషి ఇంకాస్త ముడుచుకుంటాడు. ఉత్సాహం వచ్చాక లేద్దామని ఎదురుచూస్తే ఆ ఉత్సాహం ఎప్పటికీ రాదు, ఎందుకంటే అది పుట్టే దారి మూసుకుపోయింది. అందుకే ముందు పని. మనసు వెనకాల వస్తుంది.

‘అదే కదా మేమూ చెప్పేది, లేచి పని చేసుకో అని!’ అంటారు ఇంట్లోవాళ్లు. కాదు. తేడా ఎక్కడుందో ఒక ఊహాచిత్రంలో చూద్దాం. కృష్ణా డెల్టాలో ఏదో ఊరు. పిన్నిగారికి యాభై ఏళ్లు. కూతురికి పెళ్లయింది, కొడుకు బెంగళూరులో ఉన్నాడు. రెండేళ్ల కిందట తల్లి పోయింది. ఆరు నెలలుగా ఆవిడ వంట చేసి పడుకోవడం తప్ప వాకిలి దాటడం లేదు. ఎదురుగా శిక్షణ పొందిన ఆ ఊరి అమ్మాయే కూర్చుంది.

“నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో చెప్పు పిన్నీ.”

“ఏం చేస్తానమ్మా. వండాను, పడుకున్నాను.”

“పడుకుంటే నిద్ర పట్టిందా?”

“నిద్రెక్కడిది. ఫ్యాను వంక చూస్తా ఉన్నా.”

“అప్పుడు మనసెట్లా ఉంది? పదికి ఎన్ని మార్కులేస్తావు?”

“రెండు.”

“రోజంతా రెండేనా?”

“సాయంత్రం పక్కింటి పిల్ల జడ వేయించుకోడానికొచ్చింది. అప్పుడు కాస్త పర్లేదు. నాలుగనుకో.”

ఆ ‘నాలుగు’ దగ్గర అమ్మాయి ఆగుతుంది. కౌన్సెలింగ్ అంతా దాని మీదే నడుస్తుంది. ఆవిడ తన బతుకంతా చీకటేనని నమ్ముతోంది, కానీ ఆవిడ వేసిన మార్కులే అలా చెప్పడం లేదు. ఆ సంగతి అమ్మాయి వాదించి చెప్పదు, కాగితం మీద గళ్లలో రాసి చూపిస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఒకే ఒక పని ఒప్పుకుంటారు: బుధవారం సాయంత్రం అయిదింటికి ఆ పిల్లకు జడ వేశాక, దాని చెయ్యి పట్టుకుని రామాలయం దాకా నడిచి రావడం. సంతోషంగా ఉండటం, పాతవి మరచిపోవడం లాంటివి ఆ కాగితంలో ఉండవు. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో, ఎంత దూరం అన్నవే ఉంటాయి.

వచ్చే వారానికి పిన్నిగారు వెళ్లలేదనుకుందాం. ఇంట్లోవాళ్లయితే ‘చెప్పినా వినవు, నీ ఖర్మ’ అంటారు. ఈ అమ్మాయి మాత్రం ఏం అడ్డొచ్చిందని అడుగుతుంది. గుడి దగ్గర నలుగురూ ‘చిక్కిపోయావేం’ అంటారని భయమట. అయితే గుడి వద్దు, చెరువు గట్టు దాకా చాలు. అప్పటికీ కాకపోతే వాకిట్లో కుర్చీ వేసుకుని పావుగంట. పని జరగకపోతే తప్పు రోగిది కాదు, ఆ పని ఆవిడ శక్తికి మించినదన్నమాట, తగ్గించాలి. ప్రతిసారీ ఆ తొమ్మిది ప్రశ్నలు అడిగి మార్కులు కడతారు, తగ్గుతోందో లేదో ఇద్దరికీ తెలియాలి. నిజంగా తీర్చాల్సిన ఇబ్బందులుంటే, అంటే అప్పో, మొగుడి తాగుడో, మోకాళ్ల నొప్పో ఉంటే వాటిని విడివిడిగా రాసుకుని ఒక్కోదానికి అందుబాటులో ఉన్న దారి వెతుకుతారు. ఒప్పుకుంటే ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి ఏం చేయాలో, ముఖ్యంగా ఏం అనకూడదో చెబుతారు. చివరి ఒకటి రెండు సార్లు మళ్లీ దిగులు మొదలైతే మొదట కనిపించే గుర్తులేమిటో మాట్లాడుకుంటారు. డిప్రెషన్ ఒకసారి వచ్చినవాళ్లలో ఇంచుమించు సగం మందికి మళ్లీ వస్తుంది కాబట్టి అది అవసరం. కౌన్సెలింగ్ ముగిశాక జబ్బు తిరగబెట్టడం, మందులు ఆపేశాక తిరగబెట్టడం కంటే తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. నేర్చుకున్నది మనిషి దగ్గరే ఉండిపోతుంది మరి.

సంగాత్ కౌన్సెలర్ల పనిలో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. రోగి అనుమతితో మాటలు రికార్డు చేసి, ఆ టేపులు కౌన్సెలర్లందరూ కలిసి విని, ఒకరి పనికి ఒకరు మార్కులేసుకునేవారు. పెద్ద డిగ్రీలున్నవాళ్లలో ఎంతమంది తమ పనిని ఇలా పదిమంది ముందు పెట్టగలరు?

ఈ ఆలోచన గోవాలోనే పుట్టింది కాదు. పటేల్ 1990లలో జింబాబ్వే రాజధాని హరారేలో పనిచేశాడు. అదే హరారేలో 2006లో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో చెట్ల కింద బెంచీల మీద కూర్చోబెట్టాడు. అప్పటికి ఆ దేశం మొత్తానికీ ఉన్న సైకియాట్రిస్టులను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 24 క్లినిక్‌లలో 573 మందితో పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు మామూలు వైద్యం అందినవాళ్లలో సగం మందికి మిగిలి ఉండగా, అవ్వల బెంచీ మీద కూర్చున్నవాళ్లలో 14 శాతానికి మించలేదు. అంతకుముందే 2008లో పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో, మన ఆశా వర్కర్ల లాంటి లేడీ హెల్త్ వర్కర్లు బాలింతల, గర్భిణుల దిగులు మీద ఇలాంటి పనే చేశారు. ఆరు నెలలకు వాళ్లు చూసుకున్న తల్లుల్లో 23 శాతం మందికి, మామూలు సందర్శనలే జరిగిన తల్లుల్లో 53 శాతం మందికి డిప్రెషన్ ఉంది.

ఇంత చెప్పాక అవతలి పక్క కూడా చెప్పాలి. గోవాలో కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో వందకు 36 మంది మూడు నెలలకూ కోలుకోలేదు. మంచం మీంచి లేవలేని, అన్నం మానేసిన, చావు మాటలు మాట్లాడుతున్న, లేనివి వినిపిస్తున్నాయంటున్న మనిషికి కౌన్సెలింగ్ ఒక్కటే చాలదు, సైకియాట్రిస్టు, మందులు కావాలి. తీవ్రమైన డిప్రెషన్‌కు రెండూ కలిపితేనే మేలు. ‘అవి నిద్రమాత్రలు, అలవాటైపోతాయి’ అన్న భయంతో మూడో వారంలోనే మానేసేవాళ్లు చాలామంది. సరిగ్గా గుణం కనిపించాల్సిన సమయమది. ఇప్పుడు ఎక్కువగా రాసే డిప్రెషన్ మందులకు మద్యంలా యావ పుట్టించే గుణం లేదు. అయితే ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఇంతకుముందెప్పుడైనా రోజుల తరబడి నిద్రే లేకుండా అమితమైన హుషారు, విపరీతమైన ఖర్చు, గొప్పలు వంటివి ఉండి ఉంటే ఆ సంగతి డాక్టరుకు దాచొద్దు. అది బైపోలార్ కావచ్చు, దానికి వైద్యం వేరు, డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే బెడిసికొట్టే ప్రమాదముంది.

ఎవరి దగ్గరకు వెళ్లాలన్నదీ చిక్కే. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం చాలాకాలంగా ఎవరైనా పెట్టుకోగలిగే స్థితే ఉంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ రంగాన్నీ పరిధిలోకి తెచ్చింది గానీ, వెళ్లేవాళ్లు ‘మీరెక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకున్నారు’ అని కౌన్సెలర్‌ను అడగడం తప్పు కాదు. మొదటి రోజే గంటసేపు ఉపదేశం ఇచ్చేవాళ్లను, మూడు సిట్టింగులలో గ్యారంటీ అనేవాళ్లను, మందులన్నీ వెంటనే పారేయమనేవాళ్లను నమ్మకండి. మంచి కౌన్సెలర్ వినడమే ఎక్కువ, విన్నది గడప దాటనివ్వరు, తనకు మించినదైతే డాక్టరు దగ్గరకు పంపుతారు.

మన దగ్గర ఇంకో అడ్డంకి ఉంది. హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డకు పంపిస్తా’ అన్నది తిట్టు. విశాఖ మానసిక వైద్యశాల సినిమా హాస్యానికి ఎన్నేళ్లు పనికొచ్చిందో లెక్కలేదు. పెళ్లి సంబంధం చెడిపోతుందని ఆస్పత్రి చీటీ చింపేసే కుటుంబాలున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, ప్రతి 20 మంది పెద్దవాళ్లలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చింది. జబ్బుతో ఉన్నవాళ్లలో వందకు 85 మందికి ఏ వైద్యమూ అందలేదు. ఆ 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. ఇక్కడ పరిస్థితి అంతకంటే బాగుంటుందని అనుకోవడానికి నాకు కారణమేదీ కనిపించదు. చట్టం మాత్రం ముందుకు నడిచింది. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, ప్రభుత్వం ఆదుకోవాలి తప్ప శిక్షించకూడదు. బీమా కంపెనీలు ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ రక్షణ ఇవ్వాలి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ‘నీకేం తక్కువ’ అని అడగకండి. ఆ ప్రశ్న వాళ్లు తమను తాము రోజుకు వందసార్లు అడుగుతూనే ఉన్నారు, జవాబు దొరకకే సిగ్గుపడుతున్నారు. పక్కన కూర్చోండి, వీధి చివరిదాకా నడుద్దాం రమ్మనండి, మందు పూట మర్చిపోకుండా చూడండి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, పరిశోధనలు దాన్ని తోసిపుచ్చాయి. అడిగేవాళ్లు ఒకరున్నారని తెలియడమే చాలామందికి ఊరట. అవునంటే మాత్రం ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రభుత్వాలకూ ఒకటి చెప్పాలి. తెలంగాణలో పల్లె దవాఖానాలు, బస్తీ దవాఖానాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి క్లినిక్‌లు ఉన్నాయి. ఏఎన్ఎంలు, ఆశా వర్కర్లు ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూస్తున్నారు. అదే గడపలో రెండు ప్రశ్నలు అదనంగా అడగొచ్చు: ఈ రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేనట్టు అనిపించిందా, దిగులుగా, ఆశ లేనట్టు అనిపించిందా? తొమ్మిది ప్రశ్నల పట్టికలో మొదటి రెండూ ఇవే, తొలి వడపోతకు చాలు. కానీ అడిగాక అవునన్న మనిషిని ఎవరి దగ్గరకు పంపాలన్నది తేలాలి. ఆశాల మీద ఇప్పటికే ఉన్న బరువు మీద దీన్నీ ఊరికే పడేస్తే కుదరదు. మండలానికి ఇద్దరు ముగ్గురిని దీనికోసమే నియమించి, జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి, పైన ఒక నిపుణుడి పర్యవేక్షణ పెట్టాలి. ఇలా చేస్తే పని జరుగుతుందని మన దేశంలోనే రుజువైంది. ఇక కొత్తగా కనిపెట్టాల్సింది లేదు, ఖర్చు పెట్టడమే మిగిలింది.

ఆ రోజు వచ్చేదాకా, ఈ వ్యాసంలోని లక్షణాలు మీలోనో మీ ఇంట్లోనో రెండు వారాలుగా ఉన్నట్టయితే ఇవాళే ఒక ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ నంబరు 14416. కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.